కడపలో కట్టిన నా వంటిల్లు

మా తోటికోడలి గృహప్రవేశం రోజు నేను ఏడ్చాను. పాలు పొంగించేటప్పుడు పొగ కళ్ళల్లో పడిందని చెప్పాను. పాలు పొంగించింది కొత్త గ్యాసు పొయ్యి మీద. అక్కడ పొగ ఎక్కడిదని ఎవరూ అడగలేదు, అంత సందడిలో నా కళ్ళ సంగతి ఎవరికి కావాలి.

మేముండేది కర్నూల్లో. నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఆయన తమ్ముడు కడపలో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం పెట్టుకున్నాడు. అతని భార్య నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మా అత్త ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు వాళ్ళ దగ్గర ఉంటుంది. ఈ కథలో ఉన్న మనుషులు ఇంతే.

మా ఇంట్లో వంటిల్లు ఇరుకు. పొయ్యి గట్టు గోడకు ఆనుకుని ఉండేది. దాని ముందు నిలబడితే మొహం గోడకు, వీపు ఇంటికి. ఇరవై రెండేళ్ళు నేను ఆ గోడను చూస్తూ వండాను. ఆ గోడ మీద ఏ పలక ఎక్కడ పగిలిందో, ఏ మూల నూనె జిడ్డు ఎంత రుద్దినా పోదో నాకు కంఠతా వచ్చు. ఇంటికి ఎవరైనా వస్తే హాల్లో కూర్చునేవాళ్ళు. నేను టీ పెడుతుంటే అవతల నవ్వులు వినిపించేవి. ట్రే పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆ మాట అయిపోయి ఉండేది.

"ఏమంటాండారు?" అని అడిగేదాన్ని.

"ఏం లేదులే," అనేవాళ్ళు. చెప్పిన మాటనే మళ్ళీ చెబితే నవ్వు రాదు కదా. కప్పులు అందించి నేనూ కాస్త నవ్వి లోపలికి వచ్చేసేదాన్ని.

బడిలో మధ్యాహ్నం అన్నాల వేళ ఫోనులో వంటిళ్ళ వీడియోలు చూడడం నాకు అలవాటు. చీరలు చూసేవాళ్ళు చీరలు చూస్తారు, నేను వంటిళ్ళు చూసేదాన్ని. గళ్ళ కాగితం మీద స్కేలు పెట్టి నా వంటిల్లు గీసుకునేదాన్ని కూడా. గీసి, మడిచి, తొమ్మిదో తరగతి పుస్తకంలో పెట్టేదాన్ని. ఎవరికీ చూపించలేదు.

ఒక్కరికి మాత్రం చెప్పాను. కడపలో ఇంటికి ప్లాను గీయిస్తున్న రోజుల్లో ఒక ఆదివారం నా తోటికోడలు ఫోను చేసింది. అప్పుడు గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను.

"అక్కా, వంటిల్లు ఎట్ల కట్టుకుంటే బాగుంటాది? నాకేం తోచడంల్యా," అంది.

నాకేమైందో, ఆపకుండా ఓ ముప్పావు గంట మాట్లాడాను. పొయ్యి గోడకు పెట్టొద్దన్నాను. పొయ్యి కాడ నిలబడితే మనుషుల మొహాలు కనపడాలన్నాను. ఎదురుగా ఒక గట్టు కట్టించి, దానికి అవతల ఎత్తు స్టూళ్ళు వేస్తే వచ్చినవాళ్ళు అక్కడే కూర్చుంటారు, మనం వండుతూనే మాట్లాడొచ్చు అన్నాను. గిన్నెలు కడిగే తొట్టి కిటికీ కింద ఉండాలి. ఓవెను కింద పెడితే నడుం పడిపోతుంది, గోడలో ఛాతీ ఎత్తున పెట్టించుకో, దాని తలుపు తీస్తే ఎవరికీ తగలకూడదు, పక్కనే వేడి పళ్ళెం దించుకునే జాగా ఉండాలి. అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకు నా వంటిల్లు కట్టినంత సంబరంగా ఉండింది.

"నీకు ఇన్ని ఎట్ల తెలుసక్కా!" అంది ఆమె.

ఫోను పెట్టేశాక గోరుచిక్కుడు తాలింపు వేశాను. ఆ సంగతి మరచిపోయాను.

రెండేళ్ళ తర్వాత గృహప్రవేశానికి వెళ్ళాం. పూజ అయ్యాక పాలు పొంగించడానికి ఆమె ఆడవాళ్ళందరినీ వంటింట్లోకి పిలుచుకుపోయింది. నేను గడప దాటి ఆగిపోయాను. పొయ్యి గోడకు లేదు. ఎదురుగా నల్లటి గ్రానైటు గట్టు, దానికి అవతల వీపు ఆనుకునే నాలుగు ఎత్తు స్టూళ్ళు. కిటికీ కింద తొట్టి. గోడలో, సరిగ్గా ఛాతీ ఎత్తున, నల్ల అద్దం తలుపు ఓవెను. పక్కనే పళ్ళెం దించుకునే బండ. నా గళ్ళ కాగితం లేచి నిలబడితే అట్లే ఉంటుంది.

"ఎంత బాగుందే! ఎవరు చెప్పినారు ఇట్ల కట్టమని?" అని ఎవరో అడిగారు.

"మా ఇంజనీరుది ఐడియా. శానా తెలివైనోడు," అంది నా తోటికోడలు.

నేను ఆమె మొహం వంకే చూస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు.

అది ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. మధ్యాహ్నం భోజనాలకు ముందు మగవాళ్ళు కూడా అక్కడే చేరారు. మా ఆయన ఒక స్టూలెక్కి, గట్టు మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. ఇంట్లో కూర్చుంటే టీవీ ముందు, లేకపోతే మంచం మీద, అంతే మా ఆయన. అక్కడ అట్లా కూర్చోగానే ఆయనకు నోరు వచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా బండల లారీ ఎక్కి బేతంచెర్ల పోయిన సంగతి మొదలుపెట్టాడు. స్టేషనులో రైలు చూడాలని పోయినాడంట, రైలు వచ్చేసరికి దాని కూతకు భయపడి బండల పాలిషు కార్ఖానాలోకి పరిగెత్తినాడంట, తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి ఇంటికొస్తే వాళ్ళమ్మ గుర్తుపట్టలేదంట. నా తోటికోడలు ఓవెను తలుపు తీసి కొర్ర బిస్కెట్ల పళ్ళెం బయటికి లాగుతూ, "అయ్యో బావా! తర్వాత ఏమైంది?" అని నవ్వుతోంది. అత్త రెండు బిస్కెట్లు తిని మూడోది చేతిలో పట్టుకుంది. మా ఇంట్లో బిస్కెట్లంటే పళ్ళకు అంటుకుంటాయని ముట్టదు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ లారీ సంగతి నేను వినలేదు. నా భర్త నోటి నుంచి నేను ఎన్నడూ వినని కథ, నేను గీసుకున్న వంటింట్లో, ఇంకొకామె వింటోంది. అసూయ అంటే మనసుకు సంబంధించిందని అనుకునేదాన్ని. కాదు. అది ఒంట్లోనే పుడుతుంది. చెవులు వేడెక్కాయి, అరచేతులు చల్లబడ్డాయి.

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నేను మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, నేల నుంచి గట్టు దాకా జానతో కొలిచాను. ఐదు జానలు, పైన నాలుగు వేళ్ళు మందం. స్టూలు కొలుద్దామని వంగేసరికి వెనక నుంచి అత్త గొంతు.

"ఏం కొలుస్తాండావు మే?"

"చీమలు పోతాండాయి అత్తా, యాడికి పోతాండాయా అని చూస్తాండా."

"కొత్త ఇంట్లో అప్పుడే చీమలా?" అంది అత్త. నేను హాల్లోకి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. స్టూలు కొలవడం అట్లా ఆగిపోయింది.

కర్నూలు చేరిన వారానికి నేను మా ఆయనతో చెప్పాను, వంటింటికీ హాలుకీ మధ్య గోడ సగం తీయించి గట్టు కట్టిస్తానని.

"ఇప్పుడు నీకేం తక్కువైంది?" అన్నాడాయన.

"వీపు," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నేను విడమరచి చెప్పలేదు. చెబితే కడప మాట చెప్పాల్సి వస్తుంది, ఆ లారీ మాట చెప్పాల్సి వస్తుంది.

నా తోటికోడలికి ఒక్క ఫోను చేస్తే అన్ని కొలతలూ చెప్పేది. ఇంజనీరు నంబరు ఇచ్చేది. నేను చేయలేదు. నా వంటింటికి నేను ఆమెను కొలతలు అడగాలా? గృహప్రవేశం ఫోటోలు ముందు పెట్టుకుని, అచ్చం అట్లాంటి స్టూళ్ళే నాలుగు తెప్పించాను. గోడ తీసే పని మేస్త్రీకి అప్పగించి బడికి పోయాను. గట్టు ఎత్తు ఎంతో చెప్పాను కూడా. ఐదు జానల నాలుగు వేళ్ళని చెప్పాను. మేస్త్రీ నా జానల లెక్కను నమ్మలేదో, అంత ఎత్తు ఏం బాగుంటుందనుకున్నాడో, సాయంత్రం నేనొచ్చేసరికి పాత పొయ్యి గట్టుకు సమంగా, మూడడుగుల ఎత్తున కట్టేసి, పైన బండ పరచి నీళ్ళు చల్లుతున్నాడు.

"ఎత్తు తగ్గిందే," అన్నాను.

"రెండు గట్లూ ఒక మట్టంగా ఉంటేనే లచ్చణంగా ఉంటాదమ్మా," అన్నాడు.

చూడడానికి నిజంగానే లక్షణంగా ఉంది. ఊరుకున్నాను. పిల్లలు స్కేలు పక్కన పెట్టి చేత్తో గీతలు గీస్తే రెండు మార్కులు కోసే టీచర్ని నేను.

తర్వాత ఓవెను. గోడలో అమర్చే రకం పెట్టాలంటే గోడంతా పగలగొట్టాలన్నారు, అది వద్దనుకున్నాను. దుకాణంలో ఉన్నాయన ఓపికగా చెప్పాడు. ఒక రకం ఉత్త వేడి చేసుకోవడానికి. ఒక రకం వేడి చేస్తుంది, బిస్కెట్లూ కేకులూ కూడా చేస్తుంది, ఇంట్లో నలుగురైదుగురికి చాలు. ఒకటి పైనా కిందా కడ్డీలు ఎర్రగా కాలే పెట్టె, కోడిని మొత్తంగా పెట్టొచ్చు, కానీ నిదానం, కరెంటు ఎక్కువ లాగుతుంది, చుట్టూ బెత్తెడు జాగా వదలాలి.

"మీరు ఎంతమందికి చేయాల మేడమ్?" అని అడిగాడు.

"కడపలో వాళ్ళది ఎంత పెద్దది..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాను. ఆయన బిత్తరపోయి చూశాడు. "పెద్దది ఇవ్వండి. ఉన్నవాటిలో పెద్దది," అన్నాను.

అది ఇంటికి వచ్చేసరికి మా పాత టీవీ కంటే పెద్దగా ఉంది. గట్టు మీద పెడితే కూర్చున్నవాళ్ళ మొహాలు కనపడవు. ఇంత పని ఎందుకు చేయించానో ఆ కారణమే పోతుంది. చివరికి గట్టు కింద, మూలన, నడిచే దారి పక్కన పెట్టించాను. మా ఆయన దాని ప్లగ్గు చేత్తో పట్టుకుని చూసి, "ఈ పాత వైరు దీన్ని మోయలేదు. వేరే లైను లాగాల," అన్నాడు.

"అన్నిటికీ ఏదో ఒకటి అంటావు," అన్నాను.

అంతా సిద్ధమయ్యాక ఒక రెండో శనివారం కడపవాళ్ళను భోజనానికి పిలిచాను. అత్తను కూడా ఆ రోజే దింపి వెళ్తామన్నారు. వాళ్ళింట్లో బిస్కెట్లు చేస్తే నేను కోడి చేయాలనుకున్నాను. అది కూడా నాటుకోడి, మొత్తంగా, ముక్కలు కొట్టకుండా. ముందు రోజే అల్లం, వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, పెరుగు పట్టించి నానబెట్టాను. పొయ్యి మీద బొరుగుల ఉగ్గాని, పక్కన బజ్జీల పిండి. నేను వండుతుంటే వాళ్ళు ఎదురుగా కూర్చుని తింటారు, మాట్లాడతారు. మా ఆయన ఇంకో కథ చెబుతాడు. ఈసారి నా ఎదుటే చెబుతాడు. అట్లా ఊహించుకున్నాను.

వచ్చారు. నా తోటికోడలు చుట్టూ చూసి, "శానా బాగుండాది అక్కా," అంది. ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. లేకపోవడం ఇంకా మండించింది.

మరిది స్టూలెక్కాడు. కాళ్ళు గట్టు కిందికి దూర్చబోతే తొడలు బండ అంచుకు తగిలాయి. వెనక్కి జరిగితే పళ్ళెం అందదు. చివరికి స్కూటరు వెనక ఆడవాళ్ళు కూర్చున్నట్టు పక్కకు తిరిగి కూర్చున్నాడు. మా ఆయన ఒక నిమిషం అట్లాగే ప్రయత్నించి దిగిపోయి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

అత్త స్టూలును కింది నుంచి పైదాకా చూసింది. "నన్నేం చెట్టెక్కమంటాండావా మే?" అని, చీర సర్దుకుని గట్టు అవతల నేల మీద కూర్చుంది. ఇక ఆమె నాకు కనపడదు. గట్టు అవతల నుంచి గొంతు మాత్రం వచ్చేది: "ఇంగో బజ్జీ పారెయ్." నేను వంగి, బండ మీదుగా చెయ్యి చాపి, పళ్ళెంలో బజ్జీ వేసేదాన్ని. మరిది నవ్వాపుకోలేక అవతలికి తిరిగాడు.

ఓవెను తలుపు కిందికి తెరుచుకునే రకం. తీస్తే మూరెడు దారి మూసుకుపోతుంది. కోడి ఎంతవరకు వచ్చిందో చూద్దామని తీశాను. అదే సమయానికి మా ఆయన నీళ్ళకని వస్తూ మోకాలి కింద తగిలించుకుని "అమ్మా!" అని అరిచాడు. పెద్దగా కాలలేదు గానీ ఎర్రగా కమిలింది. ఆయన కుంటుతూ పోయి హాల్లో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. ఏసీ వేసిన రెండు నిమిషాలకు ఇంట్లో కరెంటు టప్పున పోయింది. ఫ్యాను ఆగింది, ఓవెను లోపలి దీపం ఆరింది. కర్నూలు ఎండ, మధ్యాహ్నం ఒంటిగంట. ఆయన కుంటుకుంటూనే పోయి మీటరు పెట్టె తెరిచి స్విచ్చి పైకి వేశాడు. మళ్ళీ పడింది. మళ్ళీ వేశాడు. "ఏసీ అన్నా, ఓవెను అన్నా. రెండూ జరగవు," అన్నాడు. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

కోడిని బయటికి తీశాను. పైన చర్మం నల్లగా, మెరుస్తూ, దుకాణం బొమ్మలో ఉన్నట్టే ఉంది. కత్తి పెడితే దిగలేదు. గట్టిగా నొక్కితే చెప్పు తోలు కోసినట్టు కోసుకుంది. లోపల ఎముక దగ్గర ఇంకా ఎర్రగా ఉంది.

"నాటుకోడిని కుండలో గంటన్నర ఉడకబెట్టాల గానీ, పెట్టెలో పెడతారా ఎవురన్నా?" అంది గట్టు అవతల నుంచి అత్త.

నేను కత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అప్పుడు నా తోటికోడలు కొంగు నడుముకు దోపి లోపలికి వచ్చింది. "కుక్కర్ యాడుందక్కా?" అంది. నేను చూపించాను. ఆమె కోడిని బండ మీద పెట్టి, కీళ్ళ దగ్గర విరిచి, ముక్కలు చేసి కుక్కర్లో వేసింది. రెండు ఉల్లిగడ్డలు తరిగింది. పరాయి ఇల్లని అనుకోకుండా, తన ఇంట్లో పనిలాగే చేసింది. అందరినీ హాల్లోకి పొమ్మని, ఏసీ వేసుకోమని, ఉగ్గాని పళ్ళేలు అందించి వచ్చింది.

కుక్కరు కూతకు ఎదురుచూస్తూ మేమిద్దరమే మిగిలాం. అవతల హాల్లో ఏదో అన్నారు. అందరూ నవ్వారు. అత్త కూడా. ఇంత చేసి, గోడ తీయించి, మళ్ళీ నేను ఇటు, నవ్వులు అటు.

నాకు తెలియకుండానే మాట వచ్చేసింది. "మీ ఇంజనీరు చెప్పలేదులే నాకు. అందుకే ఇట్ల తగలడింది."

ఆమె వంగి కుక్కరు కింద మంట సరిచేసింది.

"నేను చెప్పిందేగా నువ్వు కట్టింది? ఆదివారం ఫోనులో. పొయ్యి, గట్టు, కిటికీ, ఓవెను ఎత్తు, అన్నీ. ఒక్కమాట... అంతమందిలో ఒక్కమాట అక్క చెప్పిందని అనలేకపోయినావు."

అట్లా కాదక్కా, మరచిపోయినా అంటుందనుకున్నాను. అంటే నేను ఇంకా అరిచేదాన్ని.

"అవునక్కా," అంది. "నువ్వు చెప్పిందే. నువ్వు చెప్తాంటే పక్కనుండే కాగితం మీద రాసుకుంటి. ఆ కాగితమే ఇంజనీరుకు ఇచ్చినా."

"మరి?"

"చెప్పబుద్ధి కాలేదు." ఆమె మొహం ఎర్రబడింది. "నేను ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి ఏది చేసినా మీ అక్క ఇట్ల చేస్తాది, మీ అక్క అట్ల చేస్తాది అంటాది అత్త. సంగటి కలిపినా అదే మాట, ముగ్గేసినా అదే మాట. మా ఆయనా అంతే, వదినకు ఉద్యోగముండాది, వదినకు లెక్కలొస్తాయి అని. ఆ ఒక్క వంటిల్లు నాదని అనుకోవాలనిపించింది. అది గూడా నీదే అంటే నాకింగేం మిగుల్తాది?"

కుక్కరు మొదటి కూత వేసింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

నిజం చెప్పాలంటే ఆ మాటలు విన్నాక నాకు జాలి కలగలేదు. మొదట కలిగింది సంతోషం. ఆమెకు నా మీద కుళ్ళు ఉందని తెలిసి కడుపు చల్లబడింది. ఆ వెంటనే, కడపలో అత్త నన్ను పొగుడుతుందని తెలిసి ఆశ్చర్యం. నా ఎదుట ఒక్కరోజు ఒక్క మాట అనలేదు ఆమె. ఇక్కడున్న ఆర్నెల్లూ నాకు చిన్న కోడలి చక్కదనమే చెబుతుంది.

"నాకు నీ కథే చెప్తాది," అన్నాను.

"ఏం చెప్తాది?"

"నీ నవ్వు మొగం. నీ చేతి రొట్టె."

ఆమె నమ్మలేనట్టు చూసింది. తర్వాత మేం కావలించుకోలేదు, ఏడవలేదు. ఆమె ఉల్లిగడ్డలు వేయించింది, నేను మసాలా నూరాను. కోడికూర ఆలస్యమైనా బాగా కుదిరింది. ఎవరు వండినారని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

వెళ్ళేముందు ఆమె కారులోంచి మరిది టేపు తెచ్చి గట్టు కొలిచింది. "బండకూ స్టూలుకూ మధ్య అడుగుకు తక్కువ కాకుండా జాగా ఉండాలక్కా. నీదాంట్లో జానెడు గూడా లేదు. మాది మూడున్నర అడుగుల గట్టు, అందుకే ఈ స్టూళ్ళు ఆడ సరిపోయినాయి," అంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నా గట్టు కొలుస్తుంటే చూడడం నాకు కష్టంగానే ఉండింది. అయినా ఈసారి కాగితం మీద రాసుకున్నాను.

తర్వాతి వారం వడ్రంగిని పిలిచాను. ముసలాయన, గడ్డం నెరిసింది, పెన్సిలు చెవిలో ఉంటుంది. స్టూళ్ళు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ ఇంట్లో ఎక్కువసేపు కూచునేది ఎవరమ్మా?"

నేను ఆలోచించాను. "మా అత్త."

"ఐతే ఆమెను పిలవండి. కూచునే మనిషిని కొలవకుండా కుర్చీ చేస్తే ఎట్ల?"

అత్తను ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టి, కాళ్ళు నేలకు ఆనేదాకా కింద చెక్కలు పెట్టి, తీసి, సరిచూశాడు. వీపుకు ఎంత వాలు కావాలో అడిగాడు. లేచేటప్పుడు పట్టుకోవడానికి చివర ఒక చెక్క పిడి ఉంటే బాగుంటుందన్నాడు. "నాకేమిటికప్పా ఇంత సింగారం," అంటూనే అత్త ఎంతో కుదురుగా కూర్చుని కొలిపించుకుంది. గట్టుకు హాలు వైపున బల్ల ఎత్తులో ఒక పొడవాటి చెక్క, దాని ముందు వీపు ఆనుకునే బెంచీ, మనిషికి రెండడుగుల చొప్పున నలుగురికి. వెనక నడవడానికి దారి వదిలాడు. స్టూళ్ళను దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకున్నారు, రెండు మాత్రం. మిగతా రెంటి మీద ఇప్పుడు పూలకుండీలు ఉన్నాయి.

ఓవెను కింద ఉండడానికి వీల్లేదన్నాడు మా ఆయన. అల్మారా ఉండే మూలన ఛాతీ ఎత్తున బేతంచెర్ల బండ బిగించి, చుట్టూ జాగా వదిలి, పెట్టెను దాని మీదికి ఎక్కించాం. ఒక ఆదివారమంతా కూర్చుని ఆయనే వేరే లైను లాగాడు. గోడకు గాడి కొడుతూ, వైరు దూరుస్తూ, "నువ్వు మొదట్నే వింటే..." అని మాత్రం అనలేదు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

పొయ్యి మాత్రం గోడకే ఉంది. గ్యాసు గొట్టం జరపడం కుదరలేదు. వండేటప్పుడు నా వీపు ఇప్పటికీ అటే. కాకపోతే తరగడం, కలపడం, పిండి పిసకడం అన్నీ ఇటు తిరిగి గట్టు మీద చేస్తాను. బెంచీ మీద అత్త కూర్చుని కందిపప్పు ఏరుతుంది. నాతో పెద్దగా మాట్లాడదు. వేరుశనక్కాయలు వలుస్తూ చిన్న కోడలి రొట్టెల గురించి చెబుతుంది. నేను వింటాను. కడపలో నా గురించి ఏం చెబుతుందో ఊహించుకుంటాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో కడప వెళ్ళాం. నా తోటికోడలి చుట్టాలు వచ్చి ఉన్నారు. వంటిల్లు చూసి మెచ్చుకుంటుంటే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "ఇదంతా మా అక్క చెప్పిందే. ఫోనులో చెప్తే రాసుకున్నా," అంది. అందరూ నా వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. అది వచ్చేసరికి నాకు అనుకున్నంత తృప్తి కలగలేదు. ఆమెకు ఇప్పుడు అంత మంచి వంటిల్లూ ఉన్నది, పైగా అంత మంచి మనసూ ఉన్నది. చుట్టాలు నన్ను ఒకసారి చూసి, ఆమెను రెండుసార్లు మెచ్చుకోలుగా చూశారు.

తిరుగు బస్సులో మైదుకూరు దాటాక మా ఆయన అడిగాడు, "ఇంగ నీకు సంతోషమేనా? అందర్లో చెప్పింది గదా."

"సంతోషమే," అన్నాను. మళ్ళీ నేనే, "వాళ్ళ కిటికీ చూసినావా? తొట్టి కాడ నిలబడితే గాలి ఎట్ల వస్తాదో," అన్నాను.

ఆయన తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "మన తొట్టి ఉండేది పడమటి గోడకు. ఆడ కిటికీ పెడితే ఎండ పడుతుంది," అన్నాడు.

"ఉత్తరం వైపు గోడ ఉంది కదా," అన్నాను. బస్సు ఆళ్ళగడ్డ చేరేదాకా ఇద్దరం ఆ గోడ గురించే మాట్లాడుకున్నాం.